గల్ఫ్ జైల్లో మనిషి చనిపోతే: మృతదేహం కోసం దరఖాస్తు, ఆ ఒక్క సమ్మతి పత్రం

కబురు మొదట జైలు నుంచి రాదు, ఎంబసీ నుంచీ రాదు. అదే గదిలో ఉన్న మనవాడెవడో వంతు ఫోను దొరికినప్పుడు చేసి, "అన్న పొద్దున లేవలేదు" అంటాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో అయినా, కడప, కోనసీమ వైపు అయినా ఇది ఇలాగే మొదలవుతుంది. తెల్లారేసరికి ఒక పెద్దమనిషి ఇంటికొస్తాడు. "నాకు అక్కడ మనుషులున్నారు, సంతకం పెట్టండి చాలు, నేను తెప్పిస్తా" అంటాడు. ఆ సంతకం పెట్టేముందు ఇది చదవండి.

మొదటి పని, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం. దీనికి ఫీజు లేదు. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లాడైనా ఫోన్లో చేసేస్తాడు. దేశం పేరు, పాస్‌పోర్టు నంబరు, చనిపోయిన మనిషితో మీ బంధుత్వం, మీ ఫోను నంబరు అడుగుతుంది. పాస్‌పోర్టు నకలు ఇంట్లో లేకపోతే పాత వీసా కాగితం మీద, టికెట్ మీద, వెళ్లేటప్పుడు చేయించిన ప్రవాసీ భారతీయ బీమా పాలసీ మీద వెతకండి. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) నంబరు తెలిస్తే అదీ రాయండి. పోర్టల్ చేతకాకపోతే ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కు చేయొచ్చు. తెలంగాణ వాళ్లు బేగంపేట ప్రజాభవన్‌లో గల్ఫ్ కుటుంబాల అర్జీలు తీసుకునే ప్రవాసీ ప్రజావాణికి వెళ్లొచ్చు. ఆంధ్రా వాళ్లకు ఏపీ ఎన్ఆర్టీ సొసైటీ (ప్రవాసుల కోసం ప్రభుత్వం పెట్టిన సంస్థ) ఉంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక. ఒక ఫిర్యాదు కాదు, రెండు పెట్టండి. మృతదేహం తరలింపు కోసం ఒకటి, జైల్లో మరణం గురించి ఒకటి. రెండూ ఒకే దాంట్లో రాస్తే, శవం విమానం ఎక్కిన రోజు 'సమస్య పరిష్కారమైంది' అని మూసేస్తారు. ఎలా చనిపోయాడన్న ప్రశ్న కూడా దాంతోపాటే మూతపడుతుంది. మనిషి బతికుండగా జైలు గురించి పెట్టిన పాత ఫిర్యాదు ఉంటే దాని నంబరు ఇందులో తప్పక రాయండి.

చాలామంది "వాడు కేసులో ఇరుక్కున్నోడు, మనం అడిగితే ఎవరు పట్టించుకుంటారు" అని వెనకాడతారు. అలా అనుకోనక్కర్లేదు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 37వ అధికరణం ప్రకారం, తమ గడ్డ మీద వేరే దేశస్థుడు చనిపోతే ఆ దేశ కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా చెప్పాల్సిన బాధ్యత అక్కడి అధికారులది. సౌదీ, కువైట్, యూఏఈ మూడూ ఆ ఒప్పందంలో ఉన్నవే. చనిపోయినవాడు దోషా నిర్దోషా అన్న తేడా అందులో లేదు. జైలు మన ఎంబసీకి ఏ తేదీన చెప్పింది, అంతకుముందు మనవాళ్లు ఆయన్ని ఎప్పుడెప్పుడు కలిశారు అన్నవి మీరు అడగదగ్గ ప్రశ్నలే. జవాబు రాకపోతే విదేశాంగ శాఖకు పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. అవతలి ప్రభుత్వం రహస్యంగా ఇచ్చిన కాగితాలని కొన్ని ఇవ్వకపోవచ్చు గానీ, తేదీలు అడగడానికి వెనకాడకండి.

ఇక అసలు చోటుకు వద్దాం. నేను చూసినంతలో పని ఆగేదీ, జనం మోసపోయేదీ ఒకే కాగితం దగ్గర. దాన్ని సమ్మతి పత్రం అంటారు, కొందరు పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. శవాన్ని ఇండియాకు పంపాలా, అక్కడే ఖననం చేయాలా, అక్కడి పోలీసు స్టేషన్, ఆసుపత్రి పనులు మీ తరఫున ఎవరు చేస్తారు అన్నది వారసులు రాసి, నోటరీ చేయించి పంపే కాగితం ఇది. ఒక్క పేజీ ఉంటుంది. ఇది సరిగ్గా లేకపోతే శవం అక్కడి మార్చురీలో వారాలు ఉంటుంది.

సంతకం ఎవరు పెట్టాలి? పెళ్లయినవాడైతే భార్య. ఆమె ఉండగా అన్నో బావమరిదో పెట్టిన కాగితం తిరిగొస్తుంది. "ఆడమనిషి ఏడుస్తా ఉంది, మేమే పెట్టినం" అని మగవాళ్లు చేసే పొరపాటు ఇదే. పెళ్లి కానివాడైతే తల్లిదండ్రులు. తహసీల్దార్ ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో అదే రోజు అర్జీ పెట్టేయండి, తర్వాత ప్రతి చోటా అడుగుతారు.

పేర్లు కలవాలి. పాస్‌పోర్టులో భార్య పేరు లక్ష్మి అని, ఆధార్‌లో లక్ష్మీబాయి అని ఉంటే అక్కడి అధికారికి వాళ్లిద్దరూ వేరు మనుషులు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి జతచేయండి. కాగితం తిరిగొచ్చాక చేయిద్దాంలే అనుకోవద్దు. చనిపోయిన మనిషి పేరు మాత్రం ఊళ్లో పిలిచేది కాదు, పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా అక్షరం తేడా లేకుండా రాయాలి.

ఎవరికి అధికారం ఇవ్వాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఊరివాడు, నమ్మకస్థుడు అని ఒక ఖల్లివల్లి (కాగితాల్లేకుండా అక్కడ ఉంటున్న) దోస్తు పేరు రాస్తారు. అకామా లేనివాడు పోలీసు స్టేషన్ గడప ఎక్కలేడు. ఎక్కితే తనూ లోపలికి పోతాడు. చెల్లే అకామా ఉన్నవాడై ఉండాలి, ఆ నంబరు, ఫోను నంబరు కాగితంలో ఉండాలి. అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే సిగ్గుపడకుండా ఎంబసీకే ఆ మాట రాయండి, వాళ్లనే ఏర్పాటు చేయమనండి. మీ ఇంటికొచ్చిన ఏజెంటు చెప్పిన పేరు మాత్రం వద్దు.

ఖాళీలున్న కాగితం మీద సంతకం వద్దు. నేను చూసిన ఒక కాగితంలో, ఇండియాకు పంపాలా, అక్కడే ఖననమా అన్న చోట ఏదీ కొట్టేయకుండా ఆ తల్లి వేలిముద్ర తీసుకున్నారు. ఏది ఉంచాలో తర్వాత వాళ్ల ఇష్టం. అక్కడ ఖననం చేశాక వెనక్కి తెచ్చుకోవడం ఇక లేనట్టే అనుకోండి. మరో కాగితంలో చివరి వాక్యం ఇలా ఉంది: మాకు ఎవరి మీదా అనుమానం లేదు, ఏ బకాయీ రావాల్సింది లేదు. శవం రావడానికి ఆ వాక్యంతో పనేం లేదు. జీతం బకాయిలు, పరిహారం, కేసు, వీటన్నిటికీ వేరే కాగితాలు, వేరే పవర్ ఆఫ్ అటార్నీ ఉంటాయి. ఆ వాక్యం కనిపిస్తే కొట్టేయించండి, కొట్టేసిన చోట సంతకం పెట్టి నోటరీ ముద్ర వేయించండి. చదవడం రాకపోతే ఊరి బడి పంతులు చేత గట్టిగా చదివించుకోండి. పంపేముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.

మరణం మీద అనుమానం ఉంటే, సమ్మతి పత్రంతో పాటే ఎంబసీకి వేరే ఉత్తరం వెళ్లాలి: ఎంబామింగ్‌కు (శవం పాడవకుండా మందు ఎక్కించడానికి) ముందే ఫోరెన్సిక్ పరీక్ష చేయించమని, జైలు వైద్య రికార్డు, ఆ పరీక్ష నివేదిక నకళ్లు ఇప్పించమని. 'ముందే' అన్న మాటకు కారణం ఉంది. ఎంబామింగ్‌లో ఫార్మాలిన్ ఎక్కిస్తారు, తర్వాత విషం, మందుల జాడ పట్టడం కష్టమవుతుంది. విరిగిన ఎముక, దెబ్బల గుర్తులు మాత్రం ఇక్కడ చూసినా తెలుస్తాయి. పాకిస్తాన్‌లో ఖైదీగా ఉంటూ, లాహోర్ జైలు దాడిలో గాయపడి 2013 మేలో చనిపోయిన మన దేశస్థుడు సరబ్‌జిత్ సింగ్ మృతదేహానికి, ఇండియాకు తెచ్చాక పంజాబ్‌లోని పట్టీ ఆసుపత్రిలో మళ్లీ పోస్టుమార్టం చేశారు. మీకూ అది కావాలంటే శవపేటిక దిగకముందే స్థానిక పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. దహనం అయ్యాక అడిగితే చేయగలిగింది ఏమీ ఉండదు.

కేసు నడుస్తున్న ఖైదీ అయితే ప్రాసిక్యూషన్ ఒప్పుకుంటేనే శవం వదులుతారు. అందుకే మామూలు మరణం కంటే ఇది ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్నే ఏజెంట్లు సొమ్ము చేసుకుంటారు, "లోపల ఇంత ఇస్తే కదులుతుంది" అంటారు. ఇవ్వకండి. ఆ కదలిక మీ డబ్బుతో రాదు.

ఖర్చు సంగతి. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం కార్మికుడి మృతదేహం తరలింపు ఖర్చు యజమానిది. కానీ జైల్లో ఉన్నవాడి మీద కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఎప్పుడో హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న ఫిర్యాదు) పెట్టేసి ఉంటాడు, ఇప్పుడు ఫోనెత్తడు. అప్పుడు ఎంబసీ దగ్గరుండే భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి పంపించమని అర్జీలో ఒక వాక్యం రాయండి: యజమాని ఇవ్వడం లేదు, మాకు స్తోమత లేదు. ఈ నిధి ఇందుకోసం కూడా ఉన్నదే. అడిగినవాళ్లకే దొరుకుతుంది.

శంషాబాద్‌లో కార్గోలో దింపుతారు. విమానాశ్రయ ఆరోగ్య అధికారి అనుమతి కోసం మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, ఎంబసీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), రద్దు చేసిన పాస్‌పోర్టు నకలు కావాలి. 2023 నుంచి ఇవి కేంద్ర ఆరోగ్య శాఖ ఈ-కేర్ పోర్టల్‌లో ముందే ఎక్కించొచ్చు. ఇంటి దాకా ఉచిత అంబులెన్స్ రెండు రాష్ట్రాలూ ఇస్తున్నాయి, ఒకరోజు ముందే చెప్పాలి.

తర్వాత వచ్చే డబ్బుల గురించి రెండు మాటలు. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ప్రమాద మరణానికే. జైలు కాగితంలో 'గుండె ఆగి' అని ఉంటే రాదు, కారణం మీద ముందే పట్టుబట్టమన్నది ఇందుకు కూడా. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 7 తర్వాతి గల్ఫ్ మరణాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది, దరఖాస్తు కలెక్టర్‌కు. ఆయన పేరు మీద పట్టా భూమి ఉండి, వయసు 59 లోపైతే రైతు బీమా సంగతి వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి.

మరణం అక్కడ జరిగింది కాబట్టి పంచాయతీలో మరణ పత్రం ఇవ్వరు. ఎంబసీ ఇచ్చే మరణ నమోదు పత్రమే బ్యాంకుకైనా, పట్టా మార్పిడికైనా ఆధారం. దాన్ని భద్రంగా ఉండాలని లామినేషన్ మాత్రం చేయించకండి, వెనక ముద్ర వేయడానికి కుదరదని తిప్పి పంపుతారు.