ఇనుము కోసే ఉలికి పానం పెట్టడం ఎలా?

పానం పెట్టడమంటే ఉక్కును కాల్చి, ముంచి గట్టిపరచడం. ముందు ఉక్కు రకం తేల్చుకోవాలి. పానం పట్టించేది కార్బన్. అది 0.6 నుంచి 1 శాతం దాకా ఉండాలి. 0.2 శాతం ఉండే మైల్డ్ స్టీల్‌ను ఎంత ఎర్రగా కాల్చి ముంచినా ఉలికి పనికొచ్చే గట్టిదనం రాదు. గ్రైండర్‌కు ఆనిస్తే తేడా తెలిసిపోతుంది: మైల్డ్ స్టీల్ రవ్వలు పొడవాటి గీతల్లా పోతాయి, కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు చిటచిటా చీలి పూలలా విచ్చుకుంటాయి. జింకు పూత ఉన్న ముక్కను కొలిమి దగ్గరకే తేవద్దు. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

1. కాల్చడం

మొనవైపు 50 మిల్లీమీటర్ల మేరే కాల్చాలి, అదీ నీడలో. ఎండలో ఎరుపు తక్కువగా కనబడి మోసం చేస్తుంది. మందంగా ఉన్నచోట వేడి మొదలుపెట్టండి. పలచని మొన ఎలాగూ త్వరగా అందుకుంటుంది. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు. అక్కణ్ణుంచి ఇంకాస్త వేడెక్కనిచ్చి, 800 దగ్గర ఆపండి. అతిగా కాలిస్తే లోపలి రేణువులు పెద్దవై, ఉలి విరిగినచోట పంచదార పలుకుల్లా మెరుస్తుంది. అలాంటి ఉలి నిలవదు.

2. ముంచడం

ఇనుప డబ్బాలో 4–5 లీటర్ల వంటనూనెను 50 డిగ్రీలకు వెచ్చబెట్టండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. నీళ్లు మరీ వేగంగా లాగుతాయి కాబట్టి మొన పగిలే ప్రమాదం ఎక్కువ. ఉలిని నిలువుగా దించి, పైకీ కిందికీ ఆడించాలి. పక్కలకు ఊపితే ఒకవైపు ముందు చల్లారి వంగుతుంది. ఒకే లోతున కదలకుండా పట్టుకుంటే నూనె అంచు తగిలిన గీత దగ్గరే పగులు వస్తుంది. నూనెకు మంట అంటుకుంటే మూత పెట్టేయండి, నీళ్లు మాత్రం పోయకండి.

హఠాత్తుగా చల్లారేసరికి కార్బన్ తప్పించుకునే వీల్లేక ఇనుప స్ఫటికాల్లో ఇరుక్కుపోతుంది. ఈ స్థితి పేరు మార్టెన్‌సైట్. గట్టిదే, కానీ గాజులా పెళుసు. పైపొర గీకి, ఆకురాయితో (ఫైల్) రుద్ది చూడండి, అది పట్టకుండా జారితే పానం పట్టినట్టే.

3. పెళుసు తీయడం

దీన్నే టెంపరింగ్ అంటారు. ఆలస్యం చేస్తే ఉలి ఊరికే ఉండగానే పగలొచ్చు, గంటలోపు చేసేయండి. మొనను ఎమెరీ కాగితంతో మెరిసేలా రుద్ది, 60 మిల్లీమీటర్లు వెనక నుంచి సన్నగా వేడి చేయండి. రంగులు మొనవైపు పాకుతాయి: లేత గడ్డి రంగు 220, గోధుమ 255, ఊదా 280, నీలం 300 డిగ్రీలు. ఇనుము కోసే ఉలికి ఊదా రంగు మొనకు చేరగానే నీళ్లలో ముంచండి. చెక్క ఉలికి గడ్డి రంగే చాలు.

సుత్తి దెబ్బ తగిలే తలకు పానం పెట్టకూడదు. పెడితే పెచ్చులు ఎగిరి కంట్లో పడతాయి.

వాడుతుంటే మొన పెచ్చులూడుతోందా? మళ్లీ మెరుగుపెట్టి, ఇంకాస్త ముదురు రంగు రానివ్వండి. మొన మడత పడుతోందా, ఆకురాయి కూడా కొరుకుతోందా? మొదటి మెట్టు నుంచి మళ్లీ చేయాల్సిందే. గ్రైండర్‌పై పదును పెట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలంగా మారిందంటే అక్కడ పానం పోయినట్టే.