కథల పోటీకి రాయడం మొదలుపెట్టే ముందు

సంక్రాంతి, ఉగాది పోటీల ప్రకటనలు వెలువడే వేళ కాబట్టి, మొదటి వాక్యం రాయకముందే కొన్నింటిని సరిచూసుకోవడం మంచిది.

– ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో ఒకసారి పెట్టిన కథను చాలా పోటీలు ప్రచురితమైనదిగానే లెక్కిస్తాయి కనుక, దాన్నే కాస్త మార్చి పంపే ఆలోచన మానుకోవాలి. కథ ఎక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రం ఇచ్చాక ఆ సంగతి బయటపడితే ప్రకటించిన బహుమతి కూడా రద్దు కావచ్చు.

– పదాల పరిమితిని బట్టే ఇతివృత్తాన్ని ఎంచుకోవాలి. 1,500 పదాల్లో ఒక సంఘటన, ఇద్దరు ముగ్గురు మనుషులు ఇముడుతారు. మూడు తరాల గాథను ఎత్తుకుంటే చివరి పేజీలో పాత్రలను హడావిడిగా చంపేయాల్సి వస్తుంది (న్యాయనిర్ణేతలకు ఇది ఇట్టే తెలిసిపోతుంది).

– ముగింపును ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఎత్తుగడ బాగున్నా కథ నడుమ దారి తప్పుతుంది.

– కథను యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగు లిపి పద్ధతి) అడిగారో, అను ఫాంట్లలో (అచ్చు పనికి డీటీపీలో వాడే ఫాంట్లు) అడిగారో చూసుకోవాలి. తర్వాత ఒకదాని నుంచి మరోదానిలోకి మారిస్తే ఒత్తులు చెదిరే ప్రమాదం ఉంది.