ఆండ్రాయిడ్ ల్యాబ్‌లో యాప్ ఎక్కడ ఆగింది? సమస్య, కారణం, పరిష్కారం

బీటెక్‌లో మొబైల్ యాప్ డెవలప్‌మెంట్ తీసుకున్నవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది లాజిక్ కాదు, ఎర్రర్ కనబడగానే చేసే హడావిడి. ఒకటి మారుస్తారు, పని చేయకపోతే ఇంకొకటి మారుస్తారు, చివరికి ఆండ్రాయిడ్ స్టూడియోనే తీసేసి మళ్ళీ ఎక్కిస్తారు. అంత అవసరం చాలా అరుదు. విండోస్ ల్యాప్‌టాప్ మీద ఆండ్రాయిడ్ నేర్చుకునేవాళ్ళకు మాటిమాటికీ ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

మాన్యువల్‌లో చెప్పిన ఎక్స్ఎంఎల్ ఫైల్ ప్రాజెక్టులో లేదు

లక్షణం: కొత్త ప్రాజెక్టు తెరిచారు. లేఅవుట్ ఫోల్డరే లేదు. జావా ఎంచుకునే ఆప్షన్ కూడా కనబడలేదు.

కారణం: ఇప్పటి ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎంప్టీ యాక్టివిటీ (యాక్టివిటీ అంటే యాప్‌లోని ఒక స్క్రీన్) అంటే జెట్‌ప్యాక్ కంపోజ్ ప్రాజెక్టు. అందులో స్క్రీన్‌ను కూడా కోట్లిన్ అనే భాషలోనే రాస్తారు. చాలా ల్యాబ్ మాన్యువల్స్ మాత్రం ఇంకా జావా, ఎక్స్ఎంఎల్ దగ్గరే ఉన్నాయి.

పరిష్కారం: కొత్త ప్రాజెక్టులో ఎంప్టీ వ్యూస్ యాక్టివిటీ ఎంచుకోండి. తర్వాతి పేజీలో జావా, కోట్లిన్ రెండూ వస్తాయి.

యూట్యూబ్‌లో దొరికిన కోడ్ పేస్ట్ చేస్తే లైన్లన్నీ ఎర్రగా మారడానికీ తరచూ ఇదే కారణం. ఆ కోడ్‌లో సెట్‌కంటెంట్‌వ్యూ ఉంటే పాత పద్ధతి, ఉత్త సెట్‌కంటెంట్ ఉంటే కంపోజ్. పేస్ట్ చేసే ముందు ఆ ఒక్క లైన్ చూసుకోండి. గూగుల్ 2019లోనే కోట్లిన్‌కు మొదటి ప్రాధాన్యం అని ప్రకటించింది, కంపోజ్ 2021లో స్టేబుల్ అయింది. కాబట్టి పరీక్షకు మాన్యువల్ పద్ధతి నేర్చుకోండి, మినీ ప్రాజెక్టు మాత్రం కోట్లిన్, కంపోజ్‌తో చేయండి. రెండూ ఒకే ప్రాజెక్టులో కలపడం సాధ్యమే కానీ నేర్చుకునే దశలో వద్దు.

గ్రేడిల్ సింక్ పూర్తి కావట్లేదు

గ్రేడిల్ అంటే మీ కోడ్‌ను యాప్‌గా తయారు చేసే టూల్, దానికి కావలసినవి సిద్ధం చేసుకోవడమే సింక్. మొదటిసారి సింక్‌కు చాలాసేపు పట్టడం మామూలే. గ్రేడిల్, లైబ్రరీలు అన్నీ నెట్ నుంచి దిగాలి. మధ్యలో ఆపేస్తే సగం దిగిన ఫైళ్ళతో ఇంకో తలనొప్పి. మంచి నెట్ ఉన్నచోట ఒకసారి పూర్తిగా కానివ్వండి.

ఎర్రర్‌లో "క్లాస్ ఫైల్ మేజర్ వర్షన్ 65" అని ఉంటే సంగతి వేరు. 65 అంటే జావా 21, 61 అంటే జావా 17. మీ ప్రాజెక్టులోని పాత గ్రేడిల్‌కు జావా 21 తెలియదు. సెట్టింగ్స్‌లో బిల్డ్ టూల్స్, అందులో గ్రేడిల్ తెరిచి గ్రేడిల్ జేడీకే దగ్గర 17 పెట్టండి.

కొన్ని కాలేజీ ల్యాబుల్లో సిస్టమ్ రీస్టార్ట్ చేయగానే సీ డ్రైవ్ పాత స్థితికి వచ్చేస్తుంది. దిగినవన్నీ పోయి, ప్రతి ల్యాబ్‌కూ మొదటి నుంచి డౌన్‌లోడ్. గ్రేడిల్ యూజర్ హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను డీ డ్రైవ్‌లోని ఫోల్డర్‌కు చూపిస్తే ఈ బాధ తప్పుతుంది. ల్యాబ్ ఇన్‌చార్జి గారిని అడిగి చేయించుకోండి.

ఎమ్యులేటర్ తెరుచుకోదు, తెరుచుకున్నా కదలదు

ఎమ్యులేటర్ అంటే ల్యాప్‌టాప్ తెర మీద నడిచే నమూనా ఫోన్. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ చూడండి. వర్చువలైజేషన్ డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి. ఏఎండీ మెషీన్లలో దాని పేరు ఎస్‌వీఎం మోడ్. పాత వీడియోలు ఎమ్యులేటర్‌ను వేగంగా నడిపే హాక్సమ్ ఎక్కించమంటాయి, ఇంటెల్ దాన్ని 2023లో ఆపేసింది, దాని జోలికి పోకండి.

ఎమ్యులేటర్‌తో కలిపి వాడాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ చెబుతోంది. 8 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఎమ్యులేటర్ వదిలేసి ఫోన్ వాడండి, హాయిగా ఉంటుంది. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. అయినా ఫోన్ కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని కేబుళ్ళు చార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా వెళ్ళదు.

యాప్ తెరవగానే మూసుకుపోతోంది

ఇక్కడ నిదానం నేర్చుకుంటే సబ్జెక్టు సగం వచ్చినట్టే. యాప్ నడుస్తుండగా వచ్చే సందేశాలు చూపే లాగ్‌క్యాట్ తెరవండి. ఫేటల్ ఎక్సెప్షన్ అనే చోట మొదలుపెట్టి కిందికి రండి. "కాజ్డ్ బై" అని ఒకటికి మించి ఉంటే అన్నిటికంటే చివరిది చూడండి. దాని కింద మీ ప్యాకేజీ పేరుతో మొదలయ్యే తొలి లైన్ వెతకండి. నీలం రంగులో ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. దాన్ని నొక్కితే యాప్ పడిపోయిన చోటికే తీసుకెళ్తుంది.

జావాలో లాగిన్ స్క్రీన్ రాశారనుకోండి. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అని, బటన్‌కు క్లిక్ లిజనర్ పెట్టిన లైన్ నంబర్ చూపిస్తోంది. ఆ లైన్‌లో స్పెల్లింగ్ తప్పు లేదు. తప్పు పైన ఉంది: బటన్ ఉన్నది లాగిన్ లేఅవుట్‌లో, సెట్‌కంటెంట్‌వ్యూకి ఇచ్చింది మెయిన్ లేఅవుట్. ఆ స్క్రీన్‌లో లేని బటన్‌ను వెతికితే ఫైండ్‌వ్యూబైఐడీ నల్ ఇస్తుంది. సెట్‌కంటెంట్‌వ్యూ కంటే ముందే ఫైండ్‌వ్యూబైఐడీ రాసినా ఇదే ఫలితం.

రెండో స్క్రీన్‌కు వెళ్ళబోతుంటే యాప్ పడిపోతోందా? ఈ యాక్టివిటీని మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు ఉండే ఫైల్) రాశారా అని ఎర్రర్ మెసేజే మిమ్మల్ని అడుగుతుంది. జవాబు చేతిలో పెట్టి ఇస్తోంది, చదవకుండా కోడ్ మార్చేవాళ్ళను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఫోన్ అడ్డంగా తిప్పితే స్కోరు సున్నా అయిపోతోంది

ఎక్స్‌టర్నల్ గారు ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కసారి తిప్పితే బయటపడే లోపం ఇది. స్క్రీన్ తిప్పితే ఆండ్రాయిడ్ ఆ యాక్టివిటీని చంపేసి కొత్తది సృష్టిస్తుంది, ఆన్‌క్రియేట్ మళ్ళీ నడుస్తుంది. యాక్టివిటీలో పెట్టుకున్న వేరియబుల్స్ అన్నీ మొదటికొస్తాయి.

చాలామంది మ్యానిఫెస్ట్‌లో స్క్రీన్‌ను నిలువుగా లాక్ చేసి ఊరుకుంటారు. దానితో లోపం పోదు, దాక్కుంటుంది. డార్క్ మోడ్ మార్చినా, భాష మార్చినా మామూలుగా ఇదే జరుగుతుంది. డేటాను వ్యూమోడల్‌లోకి (స్క్రీన్ డేటాను విడిగా ఉంచే క్లాస్) మార్చండి, స్క్రీన్ తిప్పినా అది బతికే ఉంటుంది. కంపోజ్‌లో చిన్న విలువలకైతే రిమెంబర్ బదులు రిమెంబర్ సేవబుల్ సరిపోతుంది. ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ మీ యాప్‌నే మూసేస్తే వ్యూమోడల్ కూడా పోతుంది కాబట్టి, ముఖ్యమైన డేటా ఫోన్‌లోనే దాచే రూమ్ డేటాబేస్‌లో ఉండాలి. డెవలపర్ ఆప్షన్స్‌లో "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేసి, వేరే యాప్‌లోకి వెళ్ళి తిరిగి రండి. యాక్టివిటీ పోయి మళ్ళీ వచ్చినప్పుడు మీ యాప్‌లో ఏమేం మిగులుతాయో అక్కడే తెలిసిపోతుంది.

సర్వర్ నుంచి డేటా రావట్లేదు

ముందు మ్యానిఫెస్ట్‌లో ఇంటర్నెట్ పర్మిషన్ ఉందో లేదో చూడండి. నెట్‌వర్క్ ఆన్ మెయిన్ థ్రెడ్ అని వస్తే ఆ కాల్‌ను కోరూటీన్‌లోకి (కోట్లిన్‌లో పనిని స్క్రీన్ ఆగకుండా పక్కన నడిపే పద్ధతి), ఐఓ డిస్పాచర్ మీదికి మార్చండి. అడ్రస్ ఉత్త హెచ్‌టీటీపీ అయితే ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలుగా ఒప్పుకోదు, హెచ్‌టీటీపీఎస్ కావాలి.

సర్వర్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంటే లోకల్‌హోస్ట్ పని చేయదు, ఎమ్యులేటర్‌కు లోకల్‌హోస్ట్ అంటే ఆ ఎమ్యులేటరే, మీ ల్యాప్‌టాప్ కాదు. అక్కడ 10.0.2.2 వాడండి. అసలు ఫోన్ అయితే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ ఇవ్వాలి. హాస్టల్ వైఫైలో ఒక పరికరం నుంచి ఇంకోదానికి దారి మూసేసి ఉండొచ్చు, అప్పుడు మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకోండి.

నా దగ్గర రన్ అవుతోంది, టీమ్‌మేట్ దగ్గర కావట్లేదు

ఎస్‌డీకే లొకేషన్ దొరకలేదని వస్తే, లోకల్ ప్రాపర్టీస్ ఫైల్‌లో మీ ల్యాప్‌టాప్ పాత్ అలాగే వెళ్ళిపోయింది. ఆ ఫైల్ తీసేసి ఆండ్రాయిడ్ స్టూడియోలో ప్రాజెక్టు తెరిస్తే వాళ్ళ పాత్‌తో కొత్తది తయారవుతుంది. వాట్సాప్‌లో జిప్ పంపడం మానేసి, కోడ్ మార్పులను దాచి పంచుకునే గిట్ వాడండి. గిట్ పక్కన పెట్టాల్సిన వాటి జాబితా గిట్ఇగ్నోర్‌లో లోకల్ ప్రాపర్టీస్, బిల్డ్ ఫోల్డర్ ఉండాలి. గ్రేడిల్ ర్యాపర్ ఫైళ్ళు మాత్రం తప్పకుండా కమిట్ చేయండి, అందరి దగ్గరా ఒకే గ్రేడిల్ వర్షన్ నడవాలంటే అవే కావాలి.