ప్లస్ టూ ఎకనామిక్స్: ముందు బేరం, తర్వాతే గ్రాఫు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ప్రైవేటు స్కూళ్లలో పదకొండో తరగతి ఎకనామిక్స్‌లో చేరే పిల్లల్లో కొట్టు మీద కూర్చున్నవాళ్లు, సంతకెళ్లి బేరమాడినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మొదటి రోజే బోర్డు మీద రెండు గీతలు గీసి ఇది డిమాండు, ఇది సప్లై అని చెప్పామంటే శుభ్రంగా బట్టీ పట్టేస్తారు. గీత కిందికెందుకు వాలిందని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. అందుకే మొదటి పీరియడు బేరానికి వదిలేయండి.

ఇరవై చీటీలు రాసుకోండి. సరుకు చింతపండు, మనిషికి ఒక కిలో. కొనేవాళ్ల పది చీటీల మీద 100, 95, 90 అలా ఐదేసి తగ్గుతూ 55 దాకా రాయాలి. ఆ సరుకుకు అంతకు మించి ఇవ్వకూడదని దాని అర్థం. అమ్మేవాళ్ల పది చీటీల మీద 40, 45, 50 అలా 85 దాకా. అంతకు తక్కువకు ఇవ్వకూడదు. రంగు కాగితాలైతే ఎవరు ఎటో దూరం నుంచే తెలుస్తుంది. బెంచీలు గోడకు జరిపి ఐదు నిమిషాలు బేరమాడనివ్వండి. బేరం కుదిరిన జత వెంటనే వచ్చి ధర బోర్డు మీద రాయాలి. పిల్లలు బేసి సంఖ్యలో ఉంటే మిగిలినవాళ్లకు గుమస్తా పని ఇవ్వండి.

మొదటి రౌండులో ధరలు 55కీ 85కీ మధ్య ఎక్కడబడితే అక్కడ పడతాయి. చీటీలు కలపకుండా, అవే చేతుల్లో ఉంచి ఇంకో రెండు రౌండ్లు ఆడించండి. మూడోసారికి చాలా బేరాలు 70కి అటూ ఇటూ చేరతాయి. లెక్క ప్రకారం ఏడు బేరాలు కుదరాలి, కానీ ఏడో జతలో ఇద్దరి చీటీ మీదా 70 ఉంటుంది, ఎవరికీ రూపాయి మిగలదు. చాలాసార్లు ఆరు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని తప్పని దిద్దకండి, ఎందుకు ఆగిందో వాళ్లనే అడగండి. అమ్మేవాళ్లలో 85 చీటీ దొరికిన పిల్ల తాను ఓడిపోయాననుకుంటుంది. 70కి ఆమె అమ్మకపోవడమే సరైన నిర్ణయమని ఆ పీరియడులోనే చెప్పాలి.

ఆట చెడేది రెండు చోట్ల. చీటీ పక్కవాడికి చూపించేస్తే ఇద్దరూ నడిమి ధర పంచుకుంటారు, బేరమే ఉండదు. స్నేహితులు చూపించకుండానే ఒకరికొకరు అమ్ముకుంటారు. అందుకని ఒక్కొక్కరు కనీసం ఇద్దరిని అడిగాకే బేరం ముగించాలని షరతు పెట్టండి. ఇక ఉపాధ్యాయుడి వైపు జరిగే పొరపాటు, ఆట మొదలవకముందే 70 వస్తుందని చెప్పేయడం. చీటీలు వరసలో పేర్చి గీత గీయడం రెండో పీరియడు పని. అప్పుడు పిల్లలు తమ చీటీ ఎక్కడుందో గీత మీద వెతుక్కుంటారు.

అవే చీటీలతో పన్ను కూడా చూపించవచ్చు. పన్నెండో తరగతి బడ్జెట్ పాఠంలో పరోక్ష పన్ను వచ్చేదాకా ఆగినా నష్టం లేదు. అమ్మేవాడు కిలోకు 20 రూపాయలు ప్రభుత్వానికి కట్టాలనండి. బేరాలు ఐదుకు పడిపోతాయి, ధర 80 దగ్గర నిలబడుతుంది. కొనేవాడు 10 ఎక్కువిచ్చాడు, అమ్మేవాడి చేతికి 10 తక్కువొచ్చింది. పన్ను కట్టింది ఒకరు, మోసింది ఇద్దరు. ఖజానాకు 100 చేరింది. చీటీ అంకెకూ బేరం ధరకూ ఉన్న తేడాలు కూడితే ముందు అందరికీ కలిపి 210 మిగిలేది, ఇప్పుడు ఖజానాతో కలిపి 200. ఆ 10 ఎవరి జేబులోకీ పోలేదని బోర్డు మీద కూడి చూపిస్తేనే నమ్ముతారు.

కనీస ధర పాఠానికి ధాన్యాన్ని మించింది లేదు. ముందు చీటీలతో, 90కి తక్కువ అమ్మకూడదనండి. కొనేవాళ్లు ముగ్గురే మిగులుతారు, అమ్మడానికి పదిమందీ సిద్ధం. మిగిలిన ఏడు కిలోలు ప్రభుత్వం కొనాలంటే 630 రూపాయలు కావాలి. తర్వాత అసలు అంకెలు ఇవ్వండి. 2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి కేంద్ర మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఒడిశా ప్రభుత్వం దానిపై 800 కలిపి 3,100 చేసింది. ఇక్కడ ఒక చిక్కుంది. పిల్లలు 3,100 దగ్గర గీత గీసి అదే మద్దతు ధర అంటారు. గీత 2,300 దగ్గరే ఉండాలి, ఆ 800 రైతుకు రాష్ట్రం ఇచ్చే సాయం. మరి ఆంధ్ర ధాన్యం లారీలు ఇటెందుకు చూస్తాయి, మండీలో రైతు పేరు నమోదు, టోకెన్ ఎందుకడుగుతారు అన్నది ఇంటి పనిగా ఇవ్వండి. జవాబులు తరగతిలో కన్నా బాగా వస్తాయి.

డిమాండు గీత మీద జరగడానికీ ఆ గీతే జరగడానికీ తేడా పరీక్షల్లో ఎక్కువ మార్కులు మింగేది. దానికి పెట్రోలు చూపించండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిలు, మద్యం దాని బయటే ఉన్నాయి, వాటిపై పన్ను ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, అందుకే ఆంధ్ర వైపు పాతపట్నం బంకులో ఒక ధర, ఒడిశా వైపు పర్లాకిమిడి బంకులో ఒక ధర. పాతపట్నంలో ధర పెరిగితే అక్కడ కొనుగోళ్లు తగ్గి అదే గీత మీద పైకి జరుగుతాయి, కొనేవాళ్లు ఇటు రావడంతో పర్లాకిమిడి బంకు గీత మొత్తం కుడికి జరుగుతుంది. పెట్రోలుకు డిమాండు వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలత) తక్కువని పుస్తకంలో చదివిన పిల్లవాడు ఇక్కడ తికమక పడతాడు. మొత్తం పెట్రోలుకు అది నిజమే. సరిహద్దు పక్కన ఒక్క బంకు సంగతి వేరు, నాలుగు కిలోమీటర్లలో ఇంకో బంకుంటే అక్కడ వ్యాకోచత్వం చాలా ఎక్కువ.

వ్యాకోచత్వం లెక్కలో ఇంకో మెలిక. ధర 10 నుంచి 12కు పెరిగి కొనుగోలు 50 నుంచి 40కి తగ్గితే జవాబు 1. అదే వెనక్కి, 12 నుంచి 10కి వస్తే 1.5. రెండూ సరైనవే. శాతం కట్టేటప్పుడు మొదటి అంకెనే ఆధారంగా తీసుకోవాలని పట్టుబట్టండి. చాలా తప్పులు ఇక్కడే పుడతాయి.

సీబీఎస్ఈలో ప్రాజెక్టుకు 20 మార్కులు, వాటిలో 8 వైవాకే, అంటే నోటి పరీక్షకే. వారపు సంత ధరలు ఎనిమిది వారాలు రాయించడం మంచి అంశం, కానీ సంతలో సరుకు కుప్పల లెక్కన, డబ్బాల లెక్కన అమ్ముతారు. ధర పెరగకుండా కుప్ప చిన్నదవుతుంది. కాబట్టి పిల్లల చేతికి ఒక చిన్న త్రాసు ఇవ్వండి, కిలో ధరే రాయమనండి. వెళ్లే వేళ కూడా మారకూడదు. పొద్దున్నే ఒక వారం, సాయంత్రం ఒక వారం వెళితే వచ్చే తేడా వారానిది కాదు, వేళది. వైవాలో అడిగేది కూడా తరచూ ఇదే: ఈ అంకె ఎక్కడిది, ఎలా కొలిచావు?