మన బస్తీ బోనాల ఊరేగింపు – మూడో పాఠం: దారి, నడక

బస్తీ పెద్దలను కూర్చోబెట్టడం, చందాల లెక్క రాయడం, తొట్టెల (వెదురు, రంగు కాగితాలతో కట్టి అమ్మవారికి సమర్పించే అలంకారం) కట్టడం మొదటి రెండు పాఠాల్లో చూశాం. ఇక గుడి దాకా వెళ్లే దారి సంగతి, ఆ దారిలో నడిచే తీరు నేర్చుకుందాం.

ఊరేగింపు వేగం తలమీద బోనం ఉన్న ఆడవాళ్ల అడుగును బట్టి ఉండాలి. డప్పయినా, అమ్మవారి తమ్ముడి వేషంలో ముందు ఆడే పోతరాజయినా, వెనక తీన్‌మార్ ఆడే పిల్లలయినా ఆ అడుగుకే సర్దుకోవాలి. ఈ పాఠంలో మిగతావన్నీ దీన్నిబట్టి వచ్చేవే.

ఒక బోనాన్ని దగ్గరగా చూడండి. కుండలో పాలు, బెల్లం వేసి వండిన అన్నం. చుట్టూ పసుపు, కుంకుమ బొట్లు, వేపమండలు. మూత మీద వెలిగే దీపం. కింద చుట్టబట్ట ఎంత బాగా కుదిరినా మెడ వంచడానికి వీలుండదు. కాళ్ల కింద ఏముందో ఆమెకు కనిపించదు, పైగా చెప్పులుండవు. గుంతలో కాలు పడిందంటే ముందు ఒలికేది దీపంలోని నూనె, అది నేరుగా నుదుటి మీదికి వస్తుంది. అందుకే ప్రమిదలో సగానికి మించి నూనె పోయొద్దు. ఆరేడుగురికి ఒకరు చొప్పున నూనె సీసా, అగ్గిపెట్టె పట్టుకుని పక్కన నడిస్తే మధ్యలో పోసుకోవచ్చు. వానజల్లుకు దీపం కొండెక్కితే అక్కడికక్కడే వెలిగించవచ్చు. ఆషాఢంలో జల్లు రాకుండా ఊరుకోదు కదా.

దారి చూడటానికి ఒక ఆదివారం వెళ్లండి. మీ ఊరేగింపు ఏ వేళకు బయలుదేరుతుందో అదే వేళకు వెళ్లాలి. పొద్దున ఏడింటికి ఖాళీగా ఉన్న గల్లీలో సాయంత్రం నాలుగింటికి రెండు వైపులా బైకులు ఉంటాయి. బోనం ఎత్తే అలవాటున్న ఒక పెద్దమ్మను వెంట తీసుకెళ్లి, నీళ్లు నింపిన బిందె ఆమె తలమీద పెట్టి నడవమనండి. ఆమె ఎక్కడ అడుగు నెమ్మదిస్తే అక్కడ కాగితం మీద గుర్తు పెట్టుకోండి. స్పీడ్‌బ్రేకర్, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత, ఏటవాలు, డ్రైనేజీ నీళ్లు పారే మలుపు, అన్నీ ఆ కాగితం మీదికి ఎక్కుతాయి. మ్యాన్‌హోల్ సంగతి వాటర్ బోర్డు వాళ్లకు, గుంతల సంగతి నగరపాలక సంస్థ వాళ్లకు పండగకు పది రోజుల ముందే రాసివ్వండి. గాజు ముక్కలు, కంకర ఊడ్చే పని మాత్రం ఆ పొద్దున బస్తీ కుర్రాళ్లే చేసుకోవాలి. ఎండ కాస్తే తారు కాలుతుంది కాబట్టి రెండు డ్రమ్ముల నీళ్లు కూడా సిద్ధంగా ఉంచుకోండి.

ఇప్పుడు తల పైకెత్తండి. కేబుల్ తీగలు, కరెంటు తీగలు ఏ గల్లీలో ఎంత కిందికి వేలాడుతున్నాయో చూడండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి పైనున్న తీగ తగిలి, కరెంటు షాక్‌తో ఐదుగురు చనిపోయారు. తొట్టెల వెదురుతో కట్టినదే, కానీ తడిసిన వెదురును నమ్మడానికి లేదు. దారిలో అన్నిటికంటే కిందికి ఉన్న తీగను చూశాకే తొట్టెల ఎత్తు ఖాయం చేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే దారి మార్చండి. లేదంటే తొట్టెల పై అంతస్తు విప్పేయండి. అందం తగ్గుతుందని ఎవరైనా గునిసినా వినొద్దు. కర్రతో తీగ పైకెత్తి దాటిద్దామన్న మాట అసలే రానివ్వొద్దు. తీగ మరీ కిందికి ఉంటే కరెంటు ఆఫీసుకు రాసివ్వండి, 1912కు ఫోన్ కూడా చేయండి.

తర్వాత లెక్క. అరవై బోనాలు అనుకుందాం. ఇద్దరిద్దరుగా నడిస్తే ముప్పై వరసలు. వరసకూ వరసకూ మధ్య మీటరున్నర వదిలితే నలభై అయిదు మీటర్ల పొడవు. ముందు డప్పులకూ పోతరాజుకూ ఇంకో పదిహేను మీటర్లు. అంటే మొత్తం అరవై మీటర్లు. గల్లీ ఇరుకై ఒకే వరస అయితే బోనాల భాగం రెట్టింపవుతుంది. ముందున్న వాళ్లు గుడి దగ్గరికి చేరేసరికి చివరివాళ్లు మెయిన్ రోడ్డు దాటుతూ ఉంటారా అన్నది ఈ లెక్కతోనే తెలుస్తుంది. ఆ క్రాసింగ్ దగ్గర మధ్యలో తెగకుండా అందరూ ఒకేసారి దాటాలి. ఆగే చోట్లతో కలిపి అర కిలోమీటరుకు నలభై నిమిషాలు వేసుకోండి.

ఆగే చోట్ల దగ్గరే చాలా ఊరేగింపులు చిక్కుబడతాయి. ప్రతి ఇంటివాళ్లకూ గడప ముందు బోనం ఆపి, కాళ్ల మీద పసుపు నీళ్లు పోసి మొక్కాలని ఉంటుంది. అమ్మవారే నడిచి వస్తోందని వాళ్ల నమ్మకం, దాన్ని కాదనకూడదు. కానీ ఇంటింటికీ ఆగితే మోసేవాళ్ల మెడలు పడిపోతాయి. గల్లీకి ఒక మూల చొప్పున చోటు ఎంచండి, ఆ గల్లీ వాళ్లంతా బిందెలతో అక్కడికే వచ్చేలా ముందే ఇంటింటికీ చెప్పి రండి. మంచం మీద ఉన్న ముసలివాళ్ల ఇళ్ల ముందు మాత్రం తప్పకుండా ఆగండి. నీళ్లు పోసే చోటు నున్నటి టైల్స్ మీద కాకుండా గరుకు నేల మీద ఉండాలి.

డప్పు కొట్టేవాళ్లతో మాట్లాడేటప్పుడు బేరంతో సరిపెట్టకండి. తోలు డప్పు తేమకు సడలిపోతుంది, మధ్యమధ్య మంట మీద కాచాలి. ఆగే చోట్లలో ఒకదాని దగ్గర గడ్డి, కట్టెలు, పైన చిన్న రేకు ఏర్పాటు చేస్తే వాళ్ల దరువు చివరిదాకా నిలుస్తుంది. పోతరాజు కొరడా తిప్పడానికి చుట్టూ అయిదు మీటర్ల జాగా కావాలి. పూనకం ఎక్కువైనప్పుడు పట్టుకోవడానికి ఆయనకు తెలిసిన ఇద్దరిని పక్కనే ఉంచండి. డీజే బండి బోనాల నడకలో వద్దని నా గట్టి అభిప్రాయం. దాని మోతలో వెనక ఎవరైనా పడిపోతున్నారని అరిచినా వినపడదు. రాత్రి పలారం బండికి (అమ్మవారి నైవేద్యం తీసుకెళ్లే అలంకరించిన బండి) ఉంచుకోండి, అదీ పదింటిలోపే.

డప్పుల్లో ఫోన్ వినపడదు కాబట్టి ముందొకరు, వెనకొకరు తెల్ల తువ్వాలు పట్టుకోవాలి. ఎరుపు, పసుపు ఆ రోజు అంతటా ఉంటాయి, తెలుపు అయితే దూరం నుంచి కూడా కనిపిస్తుంది. ఎత్తితే ఆగాలి, దించితే కదలాలి.

దారిలో మసీదు ఉంటే అక్కడి పెద్దలను కలిసి అసర్, మగ్రిబ్ నమాజు వేళలు అడిగి రాసుకోండి, ఆ వేళకు అటు వెళ్లకుండా బయలుదేరే టైమ్ సర్దుకోండి. మన బస్తీల్లో ముందుగా వెళ్లి అడిగితే మంచినీళ్లు పంచడానికి వాళ్లే ముందుకొస్తారు. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే దరఖాస్తుకు మీరు గీసిన మ్యాప్, టైమ్, నలుగురు బాధ్యుల ఫోన్ నంబర్లు జతచేయండి.

ఈ వారం పని: ఆషాఢ బోనాలు మొదలయ్యేది గోల్కొండలోనే కాబట్టి, మీ బస్తీ వంతు రాకముందే ఆ రోజు లంగర్‌హౌజ్ నుంచి కోట వైపు వెళ్లే ఊరేగింపు చూసి రండి. జనం ఎక్కడ బిగుసుకుంటున్నారో, బోనాల వరస ఎక్కడ తెగుతోందో, ఎవరు ఎలా సర్దుతున్నారో గమనించండి. మీ మ్యాప్‌లో ఆగే చోట్లు, తక్కువ ఎత్తు తీగలు, అంబులెన్స్ వస్తే వదలాల్సిన పక్క, మూడు వేర్వేరు రంగుల్లో గీయండి. నాలుగో పాఠంలో పలారం బండి అలంకరణ, లైట్లు, జనరేటర్ చూద్దాం; ఆ మ్యాప్ అప్పుడు కూడా పక్కన ఉండాలి.