ఆలోచించడం నేర్పుదామని టీచర్లంతా కూర్చున్నాక ఎక్కడ ఆగిపోతోంది? (సమస్య - పరిష్కారం)

మాది వైజాగ్‌లో ఒక హైస్కూల్. పిల్లలతో బట్టీ మాన్పించి ఆలోచింపజేద్దామని ఐదారుగురం టీచర్లం మొదలెట్టాం, మొదటి ఏడాదంతా తప్పులే. మీకూ ఇవే తగులుతాయి కాబట్టి రాస్తున్నా.

సమస్య: మీటింగులు అవుతున్నాయి, టీ బిస్కెట్లు అవుతున్నాయి, క్లాసులో మాత్రం ఏమీ మారట్లేదు.

కారణం: మనం మాట్లాడుకునేది రాతపని గురించి. లెసన్ ప్లాన్‌లో ఇంకో గడి గీసి అందులో "విమర్శనాత్మక ఆలోచన" అని రాసేస్తే పని అయిపోయినట్టే, హెచ్ఎం గారు సంతకం పెడతారు, పాఠం మాత్రం పాతదే.

పరిష్కారం: గడి వదిలేసి అందరికీ కలిపి ఒకే ప్రశ్న పెట్టుకోండి. మేం పెట్టుకున్నది "ఆర్కే బీచ్‌లో ఇసక ఎందుకు తగ్గిపోతోంది?" అని, తొమ్మిదో తరగతికి. సోషల్ మేడమ్ మ్యాప్ తీసి మన తీరంలో ఇసక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుందని, 1933లో మొదలైన హార్బర్ దానికి అడ్డంగా ఉందని, అప్పట్లో రెండు పాత ఓడల్ని కావాలనే ముంచేసి అలలకి అడ్డుకట్టగా వాడారని చెప్పి, "మరి అడ్డం పెడితే ఇసక ఏ పక్క పేరుకుంటుంది, ఏ పక్క కరువొస్తుంది?" అని అక్కడితో ఆపేశారు, జవాబు చెప్పలేదు. ఫిజిక్స్ మాస్టారు ట్రేలో నీళ్లు, ఇసక పోసి స్కేలు అడ్డంపెట్టి చేయించారు. లెక్కల మాస్టారు, పోర్టు వాళ్లు తవ్విన ఇసకని తెచ్చి బీచ్‌లో పోస్తున్నారు కదా, ఒక మీటరు ఎత్తు పెంచాలంటే ఎన్ని లారీలు కావాలో ఎలా అంచనా వేస్తారని అడిగారు. తెలుగు పీరియడ్‌లో పెదజాలరిపేట మత్స్యకారుడు రాసినట్టు ఒక ఉత్తరం, పోర్టు ఇంజినీరు రాసినట్టు ఒక జవాబు. ఎవరి సిలబస్సూ పెద్దగా పాడవలేదు.

సమస్య: ప్రశ్న అడిగితే క్లాసంతా మౌనం, లేకపోతే ఎప్పుడూ ఆ ముందు బెంచీ ఇద్దరే.

కారణం: పిల్లలు కాదండీ, మనమే ఆగం. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో అమెరికాలో సైన్స్ క్లాసులు గమనిస్తే, టీచర్ ప్రశ్న అడిగాక ఆగేది దాదాపు ఒక్క సెకనేనట. 3 సెకన్లు ఆగిన చోట జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడే పిల్లలు పెరిగారు. 3 సెకన్లు ఏంపాటి అనుకున్నా గానీ, నలభై మంది మొహాలు చూస్తూ నిలబడితే సింహాచలం మెట్లెక్కినంత ఉంటుంది.

పరిష్కారం: తోటి టీచర్ని వెనక బెంచీలో కూర్చోబెట్టి ఫోన్‌లో టైమ్ చూడమనండి, మనం లెక్కపెట్టుకుంటే అబద్ధమే చెప్పుకుంటాం. ఆ తర్వాత పక్కవాడితో ఒక నిమిషం మాట్లాడుకోమని, అప్పుడు చెప్పమనండి.

సమస్య: "నా క్లాసుకి మీరు రాకండి మాస్టారూ."

కారణం: వెనక ఎవరైనా కూర్చున్నారంటే మనకి ఇన్‌స్పెక్షనే గుర్తొస్తుంది. ఇన్నేళ్లూ తప్పులు రాసుకునేవాళ్లే వచ్చారు మరి.

పరిష్కారం: జపాన్‌లో ఎప్పట్నుంచో జుగ్యో కెంక్యూ అని ఒక పద్ధతి ఉంది. పాఠాన్ని అందరూ కలిసి తయారుచేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు టీచర్ని కాకుండా పిల్లల్ని చూస్తారు. పాఠం అందరిదీ కాబట్టి తన్నేసినా అందరిదే. మేం మనిషికి ముగ్గురు పిల్లల్ని పంచుకుని వాళ్లు అన్న మాటలు అన్నట్టే రాసుకున్నాం. ఒక గుంటడు "ఇసకంతా లారీలోళ్లు పట్టుకుపోతన్నారు" అన్నాడు, అది తప్పని కొట్టిపారేయకుండా "మరి నీకెలా తెలుస్తుంది, ఏం చూస్తే తేలుతుంది?" అని అడగాల్సింది, చెప్పే మేడమ్‌కి వినపడనే లేదు, వెనకున్న నాకు వినపడింది, మర్నాడు ఆ మాటతోనే క్లాస్ మొదలెట్టాం. క్లాసయ్యాక కూర్చున్నప్పుడు "బాగా చెప్పారండీ" అన్న మాట మాత్రం నిషేధం పెట్టుకోండి, ఆ మాట వచ్చిందంటే ఇంక చర్చ లేదు.

సమస్య: టైమ్ లేదు.

నిజమే, లేదు. వారానికి ఒక్క లీజర్ పీరియడ్ అందరికీ ఒకేసారి వచ్చేలా టైమ్‌టేబుల్ వేసే మాస్టారిని జూన్‌లోనే పట్టుకోండి, ఆగస్టులో అడిగితే ఆయనేం చెయ్యలేరు.

సమస్య: "ఇది పరీక్షలో వస్తుందా మేడమ్?"

మన బిట్ పేపర్లు చూసే అడుగుతున్నారు. స్లిప్ టెస్టులో ఒక్క ప్రశ్నయినా గైడులో దొరకనిది పెట్టండి, జవాబుకి కాకుండా చెప్పిన కారణానికి మార్కులెయ్యండి.

సమస్య: మొదలెట్టినాయన ట్రాన్స్‌ఫర్ అయ్యారు, అంతా ఆగిపోయింది.

కారణం: అంతా ఆయన బుర్రలోనే ఉంది.

పరిష్కారం: స్టాఫ్ రూమ్‌లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. తేదీ, అడిగిన ప్రశ్న, పిల్లలు చెప్పిన తప్పు జవాబులు, అంతే. బీరువాలో మాత్రం పెట్టకండి, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.