రైఫిల్ కొనేముందు మోచెయ్యి మడవండి

కావలిలో ఎవరైనా గురి నేర్చుకోవడానికి ఏ రైఫిల్ కొనాలని అడిగితే, నేను ధర కంటే ముందు మోచెయ్యి మడవమంటాను. భుజానికి ఆనించే వెనక భాగాన్ని, అంటే బట్‌ను, మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలు ట్రిగ్గర్‌కు హాయిగా అందాలి. అందకపోతే అది మీకు పొడుగు. అలాగని మరీ తేలికది తీసుకున్నా గురి వణుకుతుంది.

ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగి కాల్చే .22 రైఫిల్‌కు (బోల్ట్ యాక్షన్) లైసెన్స్ తప్పనిసరి, తూటాల ఖర్చు వేరే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు (బోరు) 0.177 అంగుళం (4.5 మి.మీ.), కాల్పు శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కు, అంటే గాలి ఒత్తిడితో కాల్చేదానికి, లైసెన్స్ అక్కర్లేదు. చవకగా సాధన చేయాలంటే అదే నయం. 10 మీటర్ల చోటు చాలు, గురి పెట్టే అట్ట వెనక ఇసుక నింపిన పెట్టె మాత్రం ఉండాల్సిందే.

గురి చూసే దుర్భిణి, అంటే స్కోప్ మీద డబ్బు పోయకండి. ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుళ్లు, అంటే పెల్లెట్లు, మూడు నాలుగు రకాలు తెచ్చి, ఒక్కో రకం ఐదేసి కాల్చి చూడండి. ఏవి దగ్గర దగ్గరగా పడితే ఆ రకమే కొనుక్కోండి. ఒకే మోడల్ అయినా గొట్టం గొట్టానికీ రుచి వేరు!

వేట సంగతంటారా, దాన్ని అడ్డుకునే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఉదయగిరి వైపు అడవిపందులు చేలు తవ్వేస్తుంటే కోపం రావడం సహజమే, కానీ ముందు అటవీ అధికారుల దగ్గరికే వెళ్లాలి.